స్విఫ్ట్ తినేసిన గొట్టాలు

1935లో అమెరికాలో వించెస్టర్ కంపెనీ .220 స్విఫ్ట్ అనే వేట తూటాను బజారులోకి తెచ్చింది. గుండు బరువు మూడు గ్రాములు, వేగం సెకనుకు దాదాపు 1,250 మీటర్లు. దుకాణంలో దొరికే ఏ వేట తూటాకూ అప్పటిదాకా అంత దూకుడు లేదు. పొలాల్లో బొరియలు తవ్వే వుడ్‌చక్‌లనూ ప్రెయిరీ డాగ్‌లనూ దూరం నుంచి కొట్టేవాళ్లు దాన్ని ఎగబడి కొన్నారు. గుండు గీత గీసినట్టు పోతుంది కాబట్టి దూరం అంచనాలో కాస్త తేడా వచ్చినా గురి తప్పదు. అయితే పేరుతోపాటే అపవాదూ వచ్చింది, గొట్టాలను తినేస్తుందని.

గుండు రాపిడికే గొట్టం అరుగుతుందనుకుంటాం. కానీ గుండు పైతొడుగు రాగి మిశ్రమం, ఉక్కు కన్నా మెత్తన. అసలు దోషి మంట. అదే సైజు గొట్టంలో పేలే హార్నెట్ అనే తూటాలో మందు ముప్పావు గ్రాముకు కాస్త తక్కువ. స్విఫ్ట్‌లో రెండున్నర గ్రాములు, అంటే గుండు బరువుకు కొంచెమే తక్కువ. అంత మందు మండిన వాయువంతా ఆరు మిల్లీమీటర్లు కూడా లేని కన్నంలోంచి పోవాలి. ఉక్కు సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్‌ దగ్గర కరుగుతుంది, ఈ వాయువు వేడి 2,500 డిగ్రీలు దాటుతుంది. అదంతా సెకనులో వెయ్యో వంతు వ్యవహారం కాబట్టి గొట్టం కరిగిపోదు. లోపలి పలచని పొర మాత్రం కాగి, వెంటనే చల్లారుతుంది. సాగబోతే వెనకున్న చల్లటి ఉక్కు సాగనివ్వదు. పైగా వాయువులోని కార్బన్ ఆ పొరలోకి చేరి దాన్ని పెళుసుగా మారుస్తుంది.

దెబ్బంతా గొంతు దగ్గరే, అంటే తూటా గది దాటాక మెలికల గాళ్లు మొదలయ్యే చోట. బాగా వాడిన గొట్టంలోకి బోరోస్కోప్ పెట్టి చూస్తే అక్కడ ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు కనిపిస్తాయి. మంట వాటిలో దూరి అంచులను రాల్చేస్తుంది. గాళ్ల మొదలు ముందుకు జరిగేకొద్దీ గుండు ఆధారం లేకుండా ఎక్కువ దూరం గెంతాలి, గురి చెదురుతుంది. చిత్రమేమిటంటే అప్పటికీ మూతి దగ్గర గొట్టం కొత్తదానిలాగే ఉంటుంది.

బ్రిటిష్ సైన్యం ఈ పాఠం అప్పటికే నేర్చుకుంది. కార్డైట్ అనే తుపాకీ మందు మంటకు లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్ లోతులేని గాళ్లు చెరిగిపోతుంటే 1895లో లోతైన గాళ్లకు మారింది. తర్వాత కార్డైట్‌లో నైట్రోగ్లిజరిన్‌ను 58 శాతం నుంచి 30కి తగ్గించి మంట వేడినే దించింది.

వేటగాడు వేగం వదులుకోడు కాబట్టి అతని తిప్పలు వేరు. గుండును తూటాలో కాస్త బయటికి కూర్చోబెట్టి గాళ్లకు దగ్గర చేస్తాడు. అదీ చాలకపోతే గన్‌స్మిత్ గొట్టం వెనక కొసను కోసి కొత్త గది తొలుస్తాడు. వించెస్టర్ స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టాలూ పెట్టి చూసింది. నన్నడిగితే వీటన్నిటికన్నా చవకైన మందు ఓపిక. గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కాక కూడా ప్రెయిరీ డాగ్‌ల గుంపు మీద ఆపకుండా కాల్చేవాళ్లే దాన్ని ఎక్కువ పాడుచేస్తారు.

1964లో తన మోడల్ 70 రైఫిల్‌ను మార్చినప్పుడు వించెస్టర్ స్విఫ్ట్‌ను పక్కన పెట్టింది. మరుసటి ఏడాదే రెమింగ్టన్ కంపెనీ .22-250 తూటాను తెచ్చింది. అందులో పట్టే మందు కొద్దిగానే తక్కువ, గొంతును అదీ తింటుంది. అయినా స్విఫ్ట్ మోసినంత అపవాదు దానికి అంటలేదు.