నిన్న నడిచిన ప్రాజెక్ట్ ఈరోజు స్టార్ట్ కావట్లేదా? ముందు ఇవి చూడండి

రేపు పొద్దున ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రివ్యూ. రాత్రి 11 గంటలకి ఎన్‌పీఎం స్టార్ట్ కొడితే స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు. "నేనేమీ మార్చలేదన్నా, నిన్న బాగానే నడిచింది!" తిరుపతి, చిత్తూరు కాలేజీల తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే.

అప్పుడు చాలామంది ఏం చేస్తారు? నోడ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్, వీఎస్ కోడ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్, చివరికి ఫోల్డరే డిలీట్. ఆగండబ్బా! మన పక్క బోరు మోటర్ ఆడకపోతే ముందు కరెంటు మూడు ఫేజులూ ఉందా, ఫ్యూజు పోయిందా, స్టార్టర్ పట్టుకుంటాందా అని చూస్తారు. అవేవీ చూడకుండా బోరులోంచి పైపులు పీకరు కదా. ఇదీ అంతే.

అన్నిటికంటే ముందు, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ వదిలేసి మిగతా ప్రాజెక్ట్ అంతా పెన్‌డ్రైవ్‌లోకో, డ్రైవ్‌లోకో కాపీ చేయండి. ఎన్విరాన్‌మెంట్ స్టార్ట్ కాకపోతే గంటలో బాగుచేయొచ్చు. నాలుగు నెలలు రాసిన కోడ్ పోతే ఏం చేయలేం.

తర్వాత ఎర్రర్ చదవండి. కింద ఉండే ఎన్‌పీఎం లైన్లు "పని ఫెయిలయింది" అని మాత్రమే చెప్తాయి. అసలు కారణం పైన ఉంటుంది. స్క్రోల్ చేసి మొదటి ఎర్రర్ లైన్ పట్టుకోండి. ఎక్కువగా వచ్చేవి ఈ నాలుగే.

ఒకటి, "నాట్ రికగ్నైజ్డ్". కమాండ్ యాడుందో విండోస్‌కి తెలీలేదు, అంటే పాత్ సమస్య. నోడ్ ఇప్పుడే ఇన్‌స్టాల్ చేసుంటే వీఎస్ కోడ్ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. పాత టెర్మినల్‌కి కొత్త పాత్ తెలీదు.

రెండు, "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్". నిన్నటి సర్వర్ ఇంకా వెనకాల నడుస్తానే ఉంది, పోర్ట్ వదల్లేదు. టాస్క్ మేనేజర్‌లో నోడ్‌కి ఎండ్ టాస్క్ కొట్టండి.

మూడు, "కెనాట్ ఫైండ్ మాడ్యూల్". అది ఏదైనా ప్యాకేజీ పేరైతే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ ఒక్కటే తీసేసి ఎన్‌పీఎం సీఐ కొట్టండి. ప్యాకేజ్ లాక్ ఫైల్ మాత్రం ముట్టుకోవద్దు. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో నడిచిందో రాసిపెట్టుకున్న చిట్టా అదే.

నాలుగు, "డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్ అన్‌సపోర్టెడ్". దీని వెనక కథ ఉంది. 2021 అక్టోబర్‌లో నోడ్ 17 వచ్చింది, దాంతోపాటు ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 వచ్చింది. అది ఎండీ4 అనే పాత హ్యాష్ పద్ధతిని పక్కన పెట్టేసింది. వెబ్‌ప్యాక్ 4 మాత్రం దాన్నే వాడుతుంది. అందుకే పాత రియాక్ట్ ప్రాజెక్టులు కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే ఆగిపోయాయి. సీనియర్ ఇచ్చిన పాత ప్రాజెక్ట్‌ని కొత్త లాప్‌టాప్‌లో నడిపేవాళ్లకి ఇది ఇప్పటికీ వస్తాంది.

రేపటి రివ్యూ గట్టెక్కాలంటే ఎన్‌వీఎంతో నోడ్ 16కి మారండి. కానీ అక్కడే ఉండిపోవద్దు. 2023 సెప్టెంబర్‌తో దానికి సెక్యూరిటీ అప్‌డేట్స్ ఆగిపోయాయి. రివ్యూ అయ్యాక రియాక్ట్ స్క్రిప్ట్స్ 5కి గానీ, వీట్‌కి గానీ మారండి. క్రియేట్ రియాక్ట్ యాప్‌ని కొత్త ప్రాజెక్టులకి వాడొద్దని రియాక్ట్ టీమే 2025 ఫిబ్రవరిలో చెప్పేసింది.

చూశారు కదా, "నేనేమీ మార్చలేదు" అన్నది నిజమే కావచ్చు. మీ కోడ్ మారలేదు, అది నిలబడిన నోడ్ మారింది. అందుకే ప్రాజెక్ట్ బాగా నడిచే రోజే నోడ్ వెర్షన్ రీడ్‌మీలో రాసిపెట్టండి. ఇంకోమాట, ఒకసారికి ఒక్క మార్పే చేసి రన్ చేయండి. ఐదు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది కొత్త తంటా తెచ్చిందో తెలీదు.

ఇంకా గిట్ వాడనివాళ్ల కోసం నెక్స్ట్ ఎపిసోడ్ గిట్ మీదే. అంతవరకు ఫోల్డర్లు డిలీట్ చేయకండి సామీ. ఉంటా, బై!