యంత్రబుద్ధియు సహకార సంఘములును

కృత్రిమ మేధ యను మాట నేడు పల్లెలలో గూడ వినవచ్చుచున్నది. విత్తనము వేయుటకు తగిన దినమును యంత్రము చెప్పుననియు, ఆకు చిత్రమును చూచి తెగులును గుర్తించుననియు, అప్పు ఇయ్యవచ్చునా రాదా యను విషయమును సైతము అదియే తేల్చుననియు జనులు చెప్పుకొనుచున్నారు. 2022వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వమువారు దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులకు ఎక్కించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించిరి. లెక్కలు యంత్రమున కెక్కిన పిమ్మట, ఆ లెక్కలను చూచి సలహా చెప్పు యంత్రము మన గుమ్మము త్రొక్కుటకు ఎంతో కాలము పట్టదు. కావున ఈ విద్య యెట్టిదో, ఎందులకు పనికివచ్చునో, ఎచ్చట జాగరూకత వహింపవలయునో సభ్యులు ముందుగనే యెఱిగియుండుట మేలని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. యంత్రమనగా ఇచ్చట కంప్యూటరును, దానికి పని నేర్పు ప్రోగ్రామును కలిపి చెప్పుచున్నాము.

నిపుణుని యెఱుకను సూత్రములుగా వ్రాయుట

కృత్రిమ మేధ యను పేరు అమెరికా దేశమున జాన్ మెకార్తీ పండితుడును అతని సహచరులును 1955లో వ్రాసిన ప్రతిపాదనమున మొదట కానవచ్చినది. మఱుసటి యేడు డార్ట్‌మౌత్ కళాశాలలో జరిగిన గోష్ఠితో ఈ శాస్త్రమునకు అంకురార్పణ జరిగెను. ఎట్టి చిక్కునైనను కేవలము తర్కబలముచే విడదీయు యంత్రమును నిర్మింపవలెనని తొలినాటి పండితులు ఆశించిరి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునందలి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ పండితుడు వేఱొక త్రోవ త్రొక్కెను. తర్కముకంటె ఆయా వృత్తులలో పండినవారి యనుభవమే ప్రధానమనియు, దానిని సేకరించి యంత్రమున కెక్కింపవలయుననియు అతడు చెప్పెను. 1965లో ఆరంభమైన డెండ్రాల్ అనునది ఈ త్రోవలో మొదటిది. రసాయన ద్రవ్యముల నిర్మాణమును కనుగొనుట దాని పని. ఇట్టివానికి నిపుణ వ్యవస్థలని పేరు.

దీని పోకడను మన పశువుల పాకనుండియే తెలిసికొనవచ్చును. ఆవు మేత ముట్టకుండినను, ఎడమ డొక్క ఉబ్బియుండినను, అంతకుముందు లేత పచ్చిమేత విస్తారముగా మేసియుండినను, అనుభవము గల పెద్ద దానిని చూచి కడుపుబ్బరమని చెప్పును. ‘ఇది యున్నచో, అదియు నున్నచో, ఫలితమిది’ అనునట్టి సూత్రములు అతని మనస్సునందు వందలకొలది గలవు. వానిని ఒక్కొక్కటిగా అడిగి వ్రాసికొని యంత్రమున నిలువ చేసినచో అది నిపుణ వ్యవస్థ యగును. అది ప్రశ్నలడుగును; మనము చెప్పిన జవాబులను సూత్రములతో సరిచూచును; తుదకు తన యభిప్రాయమును చెప్పును.

1970 తరువాతి యేండ్లలో స్టాన్‌ఫర్డ్‌నందే మైసిన్ అను వ్యవస్థను ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ అను వైద్యుడు నిర్మించెను. రక్తమున సూక్ష్మక్రిములు చేరి కలిగించు వ్యాధులకు ఏ మందు తగునో అది చెప్పెడిది. అందు సుమారు 600 సూత్రములుండెను. పరీక్షలో దాని సలహాలు వైద్యాచార్యుల సలహాలకు తీసిపోలేదు. దానియందు మఱియొక సద్గుణము గలదు: ‘ఈ ప్రశ్న యెందుల కడుగుచున్నావు?’ అని వైద్యుడు ప్రశ్నించినచో, తాననుసరించుచున్న సూత్రమును ముందుంచెడిది. అయినను ఆసుపత్రులలో అది నిత్యవాడుకకు రాలేదు. సలహా తప్పి రోగికి కీడు మూడినచో బాధ్యత యెవ్వరిదను ప్రశ్న అడ్డువచ్చిన కారణములలో నొకటి. ఈ ప్రశ్నను మన సభ్యులు గుర్తుంచుకొనవలయును. మన సంఘములకును అది రాగలదు.

వర్తకమున లాభనష్టములు

వర్తకమున ఈ విద్యకు పేరు తెచ్చినది ఆర్‌1 లేక ఎక్స్‌కాన్ అను వ్యవస్థ. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను అమెరికా కంపెనీ కంప్యూటరులను అమ్మెడిది. ఒక్కొక్క కంప్యూటరుకు పెక్కు విడిభాగములు కావలసియుండెను; కొనువారి కోరికనుబట్టి కూర్పు మారుచుండెను. ఒక తీగ తక్కువైనను, ఒక భాగము మఱియొక దానితో పొసగకపోయినను సరకు కొనువాని యింటికి చేరిన పిమ్మట గాని తెలియకుండెను. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునందలి జాన్ మెక్‌డెర్మాట్ పండితుడు 1978లో ఆరంభించి ఈ కూర్పుపని చేయు వ్యవస్థను నిర్మించెను. 1980 నుండి కంపెనీ దానిని వాడుకొనెను. ఏటేట రెండు కోట్ల డాలర్లకు మించి ఆదాయైనదని ఆ కంపెనీవారు లెక్కించిరి.

అయితే ఆ లాభము ఊరక రాలేదు. క్రొత్త సరకు వచ్చినపుడెల్ల సూత్రములను మార్చవలసివచ్చెను. మొదట వందలుగా నున్న సూత్రములు పదివేలకు మించెను. వానిని సరిదిద్దుచుండుటకే నేర్పరులు పెక్కుమంది కావలసివచ్చిరి. ఏటేట పూడిక తీయని చెఱువు నీరు పట్టనట్లే, సరిదిద్దని సూత్రములు గల యంత్రము పనికి రాదు. 1980 తరువాత ఎన్నియో కంపెనీలు ఇట్టి వ్యవస్థల వెంటబడి, ఆ దశాబ్దము ముగియునాటికి ఖర్చునకు తాళలేక పెక్కింటిని విడిచిపెట్టెను.

సేద్యమున జరిగిన పరీక్షలు

రైతులకొఱకును ఈ విద్యను వాడిరి. అమెరికా వ్యవసాయశాఖవారు మిసిసిపీ రాష్ట్రమున పత్తిసేద్యమునకై కోమాక్స్ అను వ్యవస్థను నిర్మించిరి. 1986లో దాని వివరములు ప్రకటితమయ్యెను. వాతావరణమును, నేల గుణమును తీసికొని, పత్తిమొక్క దినదినము ఎట్లు పెరుగునో లెక్కకట్టి, నీరెప్పుడు పెట్టవలయునో, నత్రజని యెరువు ఎంత వేయవలయునో, పత్తి తీయుటకు ముందు ఆకురాల్చు మందు ఎప్పుడు చల్లవలయునో అది చెప్పెడిది.

ఇంతకంటె విలువైన పాఠము ఇల్లినాయి విశ్వవిద్యాలయమున లభించెను. మిఖాల్‌స్కీ, చిలౌస్కీ యను పండితులు సోయాచిక్కుడు పైరునకు పట్టు 15 తెగుళ్లను గుర్తించుటకు రెండు విధములుగా సూత్రములను సంపాదించిరి. మొదటివి తెగుళ్ల నిపుణుని అడిగి వ్రాసికొన్నవి. రెండవవి, తెగులు నిర్ణయమైన మొక్కల వివరములను యంత్రమునకిచ్చి దానిచేతనే కనిపెట్టించినవి. 340 నమూనాలపై పరీక్షింపగా నిపుణుడు చెప్పిన సూత్రములు నూటికి 71.8 పాళ్లును, యంత్రము కనిపెట్టినవి నూటికి 97.6 పాళ్లును సరిపోయెను. ఈ ఫలితము 1980లో ప్రకటితమయ్యెను. నిపుణుడు తెలివితక్కువవాడు కాడు. తనకు తెలిసినదంతయు మాటలలో పెట్టుట అతనికి సాధ్యము కాలేదు. మట్టిని పిడికిట పట్టి పదును చూచు రైతును, ‘ఎట్లు తెలిసినది?’ అని యడిగినచో ఎంతవఱకు చెప్పగలడు?

నేడు మనము వినుచున్న కృత్రిమ మేధ చాలవఱకు ఈ రెండవ జాతికి చెందినదే. లక్షలకొలది పూర్వోదాహరణములను చూచి అది తనంతట నేర్చుకొనును. కాని యొక భేదము గలదు. ఇల్లినాయిలో యంత్రము కనిపెట్టినవి మనుష్యులు చదువదగిన సూత్రములు. నేటి పెద్ద యంత్రములు నేర్చుకొన్నది కోట్లకొలది సంఖ్యలుగా నుండును; ఫలానా సలహాను ఏల ఇచ్చినదో తేటగా చెప్పుట వానిని నిర్మించినవారికి సైతము కష్టము.

ఈ శాస్త్రమున తెలుగువారి పాలు తక్కువ కాదు. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున 1937లో వ్యవసాయ కుటుంబమున జన్మించిన రాజ్ రెడ్డిగారు, కార్నెగీ మెలన్‌నందు ఆచార్యులై, కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గొప్పదగు ట్యూరింగ్ బహుమానమును 1994లో ఫైగెన్‌బామ్ పండితునితో కలసి పొందిరి. మన జిల్లాలలోను పరీక్షలు జరిగినవి. 2016 జూన్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున 175 మంది రైతులకు, వేరుసెనగను తొందరపడి విత్తక నెల చివరివఱకు ఆగుమని ఫోనుద్వారా వార్తలు పంపిరి. పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ సంస్థయు మైక్రోసాఫ్ట్ కంపెనీయు ప్రభుత్వముతో కలసి దీనిని జరిపిరి. దిగుబడి నూటికి 30 పాళ్లు హెచ్చినదని జరిపినవారు ప్రకటించిరి. ఇది సంతోషకరమే, కాని ఒక యేటి వానను చూచి ఒక పద్ధతిని పూర్తిగా నమ్మరాదని రైతులకు మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

అప్పు విషయమున జాగ్రత్త

పైరు సలహా తప్పినచో ఒక పంట చెడును. అప్పు విషయమున యంత్రము తప్పినచో ఒక కుటుంబమే చెడవచ్చును. అందుచేత దీనిని కొంత విపులముగా వ్రాయుచున్నాము.

సహకార పరపతికి మూలము ఇరుగుపొరుగువారి యెఱుక. సభ్యుడు కష్టజీవియా, బాకీ యేల నిలిచినది, ఈ యేడు పైరు ఎట్లున్నది యను విషయములు ఊరివారికి తెలియును. యంత్రమునకు తెలిసినది లెక్కల పుస్తకము మాత్రమే. కఱవువలన వాయిదా తప్పినవాడును, చేత సొమ్ముండియు ఎగగొట్టినవాడును ఆ పుస్తకమున ఒకే వరుసలో కనబడుదురు. కౌలురైతుకు పట్టాదారు పాసుపుస్తకము లేనందున పూర్వము అప్పు దొరకియుండదు. భూమి భర్త పేరనుండి సేద్యము తాను చేయు స్త్రీ గతియు నంతే. పాత లెక్కలను చూచి నేర్చుకొన్న యంత్రము ఇట్టివారికి అప్పు ఇయ్యరాదనియే నేర్చుకొనును. అనగా పూర్వపు అన్యాయమే యంత్రము నోట శాస్త్రమై పలుకును. కారణము చెప్పు యంత్రమైనచో దానిని పట్టుకొని సరిదిద్దవచ్చును. కారణము చెప్పనిదైనచో, ‘కంప్యూటరు కాదన్నది’ అను మాటతో రైతు ఇంటికి పోవలసినదే.

సంఘములు పాటింపదగిన నియమములు

1. యంత్రము సలహాదారు మాత్రమే. అప్పు ఇచ్చుటయు నిరాకరించుటయు పాలకవర్గము చేయవలసిన తీర్మానము, బాధ్యతయు వారిదే.

2. అప్పు నిరాకరించినపుడు కారణమును సభ్యునికి తెలుగున వ్రాసి యియ్యవలయును. యంత్రము చెప్పినదనుట కారణము కాదు.

3. క్రొత్త యంత్రమును వాడుటకు ముందు, గడచిన మూడేండ్ల దరఖాస్తులను దానికి చూపి, మన తీర్మానములతో దాని యభిప్రాయమును పోల్చి చూడవలయును. కౌలురైతుల దరఖాస్తులను, స్త్రీల దరఖాస్తులను వేఱుగా చూడవలయును.

4. బాకీ నిలిచినపుడు అంకెతోపాటు కారణమును గూడ లెక్కలలో వ్రాయవలయును. కఱవు, తుపాను, రోగము, ధర పడిపోవుట మున్నగునవి వ్రాయబడినచో గాని యంత్రమునకు తెలియవు.

5. పైరు సలహా చెప్పు యంత్రమును ఎవరు నడుపుచున్నారో విచారింపవలయును. పురుగుమందు అమ్ముకొనువాని యంత్రము పురుగుమందునే చెప్పవచ్చును. ఎవరి సలహానైనను ముందు కొద్ది నేలలో పరీక్షించుట మంచిది.

6. సభ్యుల వివరములను మహాజనసభ తీర్మానము లేక యే కంపెనీకిని ఒప్పగింపరాదు.

క్రొత్త పనిముట్టును చూచి బెదరుట రైతునకు తగదు. దానికి లొంగిపోవుటయు తగదు. నాగలి వచ్చినను ట్రాక్టరు వచ్చినను చాలు ఎటు పోవలయునో నిర్ణయించినది దున్నువాడే. తూకపు రాళ్లలో లోపమున్నదేమో చూచుకొని సరకు తూచుట మన యలవాటు. ఈ క్రొత్త తూకమును గూడ అట్లే చూచుకొని వాడుకొందుము గాక. వచ్చు మహాజనసభలో ప్రతి సంఘమువారును పై నియమములను చర్చించి, తమకు తగినట్లు మార్చుకొని, తీర్మానముల పుస్తకమున వ్రాసికొందురని నమ్ముచున్నాము.