జీతం మీద పి.జి. చదువు: అప్పు పత్రంపై సంతకానికి ముందు ఒక లెక్క

గరివిడి: డిగ్రీతోనే ఉద్యోగంలో చేరిపోయి, పై చదువు మీద ఆశ చంపుకోలేనివారు ఈ ప్రాంతంలో ఎందరో వున్నారు. ఉదయం బస్సులలో, రైళ్లలో నిలబడి విజయనగరం వెళ్లే గుమాస్తాలు, ప్రైవేటు పాఠశాలల మాస్టర్లు, దుకాణాలలో పద్దులు రాసేవారు వీరే. ఇప్పుడు పాఠం సెల్‌ఫోనులోనికే వచ్చింది. ఉద్యోగం మానకుండానే ఎం.బి.ఏ., ఎం.కాం. చేయవచ్చు. చిక్కల్లా ఫీజు దగ్గరే.

పని చేసుకుంటూ చదవడం ఈ జిల్లాకు కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరస్పాండెన్సు కోర్సులు ప్రారంభించింది. పాఠాలు తపాలాలో వచ్చేవి. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1985లో ఢిల్లీలో ఇగ్నో ఏర్పడ్డాయి. అయితే ఆ రోజులలో సీటు అమ్ముతామంటూ ఎవరూ వెంటబడేవారు కారు. ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు ఫోను చేస్తున్నారు. “నెలకు నాలుగున్నర వేలే” అంటారు గాని మొత్తం ఎంతో చెప్పరు.

ఆ మొత్తాన్ని మనమే కట్టి చూద్దాం. ఉదాహరణకు రెండేళ్ల కోర్సు ఫీజు 1,20,000 రూపాయలు అనుకుందాం. మూడేళ్ల అప్పు, ఏడాదికి 12 శాతం ‘ఫ్లాట్’ వడ్డీ. వడ్డీ 43,200, నెల వాయిదా 4,533 రూపాయలు. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి మొత్తం మీదనే పడుతుంది గనుక, నిజానికి అది 21 శాతం వడ్డీతో సమానం. చదువు ముగిశాక కూడా ఏడాది పాటు వాయిదాలు కట్టాలి.

అదే ఫీజు నాలుగు సెమిస్టర్లకు 30,000 చొప్పున కట్టుకుంటే నెలకు 5,000 పక్కన పెడితే చాలు. వాయిదా కంటె 467 రూపాయలే ఎక్కువ. వడ్డీ లేదు. కాకపోతే చేరడానికి ఆరు నెలల ముందు నుంచే కూడబెట్టాలి. అడ్మిషన్లు ఏటా జూలై, జనవరి సీజన్లలో రెండుసార్లు జరుగుతాయి గనుక ఆరు నెలలు ఆగితే ఏడాది పోదు. “ఈ రోజే ఆఖరు” అనే మాటకు తొందరపడనక్కరలేదు.

కొందరు తల్లి పేరనో, భార్య పేరనో వున్న డ్వాక్రా అప్పు తెచ్చి ఫీజు కడుతుంటారు. కొడుకు ఉద్యోగం పోతే వాయిదా సంఘం మీద పడుతుంది, పదిమందిలో ఆమె తల వంచుకోవాలి. దీనికంటె బ్యాంకు విద్యారుణం నయం. ఆ వడ్డీపై ఆదాయపు పన్ను మినహాయింపు వున్నా అది పాత పన్ను విధానంలోనే. అసలు పన్ను పడని చిన్న జీతగానికి దానితో ఒరిగేదేమీ లేదు.

డబ్బు కట్టే ముందు ఆ కోర్సుకు ఆ ఏడాది అనుమతి వున్నదీ లేనిదీ యు.జి.సి. దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో చూసుకోవాలి. అనుమతి వున్న ఆన్‌లైన్ డిగ్రీ, కాలేజీ డిగ్రీతో సమానమని యు.జి.సి. 2022లో ప్రకటించింది. నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటివి ఈ పద్ధతిలో చెల్లవు. విశ్వవిద్యాలయాలు ఫ్రాంచైజీలు ఇవ్వకూడదు గనుక రుసుము నేరుగా విశ్వవిద్యాలయానికే కట్టి రశీదు తీసుకోవాలి. ఖాతా నుంచి దానంతటదే డబ్బు పోయే ‘ఆటో డెబిట్’కు ఒప్పుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే హెచ్చరించింది.

లెక్కకు రాని ఖర్చు మరొకటి వుంది. ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబరులలో జరుగుతాయి. సెలవు పెడితే జీతం తెగే ఉద్యోగమైతే ఆ రోజుల జీతం, కేంద్రానికి రానుపోను చార్జీలు కూడా కలుపుకోవాలి. సొంత వ్యవసాయం వున్నవారికి డిసెంబరు నూర్పుల కాలం, ఆ పరీక్ష రోజులకు కళ్లంలోకి ఒక కూలీని పెట్టుకోవలసి వస్తుంది.