పసిబిడ్డల నొప్పి – నర్సుల ఓదార్పు

అడుగనిదే అమ్మయైనను పెట్టదని సామెత. అడుగనేరని పసిబిడ్డ నొప్పిని కనుగొనువా రెవరు? నెలలు నిండని శిశువులకు నొప్పి యంతగా తెలియదని వైద్యులే చాలకాలము నమ్మిరి. శస్త్రచికిత్సవేళ అట్టివారికి నొప్పిమందు నిచ్చినచో శరీరక్షోభ తగ్గునని కన్వల్జీత్ ఆనంద్ ప్రభృతులు 1987లో లాన్సెట్ పత్రికలో నిరూపించిన పిమ్మట ఆ భ్రమ సడలినది.

నొప్పి నెఱుగుట మొదటి పని. నవ్వు మొదలు ఏడుపు వరకు ఆరు ముఖముల బొమ్మలు చూపి, తన నొప్పి యెంతయో బిడ్డచేతనే చెప్పించు పద్ధతిని 1980వ దశకమున అమెరికాలో డోనా వాంగ్, కానీ బేకర్ అను వనితలు కల్పించిరి. పలకలకు పేరొందిన మార్కాపురమున ఇట్టి బొమ్మలకు కొఱత యేమి?

పిమ్మట ఉపశమనము. మందు అవశ్యము, దానిని మానుమని మేము చెప్పము. దగ్గునపుడు కడుపుకుట్లపై దిండు నదిమి పట్టించుట, బూర నూదునట్లు మెల్లగా ఊపిరి విడిపించుట, కథ చెప్పుట, కాలుసేతులు నిమురుట, తల్లిని చెంతనే యుండనిచ్చుట – ఇవి మందునకు తోడు. ఇందు మంత్రతంత్రములు లేవు. వెన్నుపాములో నొప్పికి ద్వారము వంటి దొకటి కలదనియు, స్పర్శయు మనోవ్యాపారమును దానిని కొంత మూయగలవనియు మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు 1965లోనే ప్రతిపాదించిరి. ఫలము మాత్రము బిడ్డను బట్టి మారును.

గిద్దలూరు, కంభము పల్లెల తల్లి బిడ్డకు పెద్ద శస్త్రచికిత్స కావలసినచో ఒంగోలుకో, గుంటూరుకో, కర్నూలుకో పోవలసియుండును. ఇల్లు చేరిన పిమ్మటి రాత్రులలో ఆ తల్లియే నర్సు. కావున ఈ ఉపాయములను, మందువేళలను ఆసుపత్రి విడువకముందే ఆమెకు నేర్పవలెను. నొప్పి హెచ్చినను, జ్వరము వచ్చినను, కుట్లు వాచినను జోలపాటతో సరిపుచ్చక వైద్యుని చేరవలెనని స్పష్టముగా చెప్పవలెను.

ఇవి ఖర్చులేని పనులని అధికారులు సంతసింపవచ్చును. ఖర్చు కలదు, అది నర్సు కాలము. సామాన్య వార్డులలో బోధనాసుపత్రులందు ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రులందు ఐదుగురికి ఒక నర్సు ఉండవలెనని భారత నర్సింగు మండలి ప్రమాణము. వార్డంతయు ఒంటరిగా మోయు నర్సు ఏ బిడ్డ ప్రక్కన కూర్చుండి కథ చెప్పగలదు? ఆమెకు కరుణ నేర్ప నక్కఱలేదు. తీరిక కల్పించిన చాలును. నర్సుల ఖాళీలను నింపుటయే బిడ్డల నొప్పికి ప్రభుత్వము చేయదగిన ప్రథమచికిత్స యని మేము నొక్కి చెప్పుచున్నాము.