హాబీ గేమింగా? అయితే ఇది చెప్పండి!

అనకాపల్లిలో చదువుతూ రెజ్యూమెలో 'హాబీ: గేమింగ్' అని రాశారా? ఇంటర్వ్యూలో "అందులో ఏం చేస్తారు?" అని అడిగితే నీళ్లు నమలకండి.

నేనైతే 1991 నాటి 'టెక్మో సూపర్ బౌల్' గురించి చెబుతా. అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్, జట్టుకు 30 మంది. అవతలివాళ్లు తన్నిన బంతిని పట్టుకుని పరిగెత్తే రిటర్నర్‌ని మనమే మార్చుకోవచ్చు. అందరిలాగే మొదట బాగా వేగం ఉన్నవాణ్ణే పెట్టేశా. స్పీడ్ ఉంది, బాల్ కంట్రోల్ లేదు! ట్యాకిల్ చేయగానే బంతి జారింది, అవతలివాళ్లకి దొరికింది. తర్వాత వేగం కాస్త తక్కువైనా బంతి వదలనివాణ్ణి తీసుకున్నా. ఎందుకు మార్చానో, ఏం వదులుకున్నానో రెండు నిమిషాల్లో చెప్పగలను.

మీది క్రికెట్ గేమైనా సరే, అలాంటి ఒక్క నిర్ణయం ఇవాళే కాగితం మీద రాసుకోండి. స్కోర్లు మాత్రం వద్దు, అవి ఫ్రెండ్స్‌కి చాలు.