ముద్రణ ఎక్కడ ఆగింది?

నెలాఖరు వచ్చిందంటే ఇపో నగరంలోని కార్యాలయాలలో వేతన పత్రాలు, బిల్లులు, ఉత్తరాలు అన్నీ ఒకేసారి ముద్రణకు వస్తాయి. సరిగ్గా ఆ సమయంలో ప్రింటరు మొరాయిస్తే పని అంతా స్తంభిస్తుంది. సర్వరును ఆపి మళ్ళీ నడిపిస్తే సమస్య తీరినట్లే ఉంటుంది. రెండు రోజులకు అదే తంతు. పదే పదే వచ్చే లోపానికి ఈ పద్ధతి ఉపశమనమే గాని చికిత్స కాదు.

పత్రం కంప్యూటరు నుండి నేరుగా ప్రింటరుకు చేరదు. అది ముందుగా సర్వరు డిస్కు మీద ఒక వరుసలో నిలుస్తుంది. ఆ వరుసను నడిపే ప్రోగ్రామును స్పూలరు అంటారు. పత్రాన్ని ప్రింటరుకు అర్థమయ్యే భాషలోకి మార్చేది డ్రైవరు. ఆపైన నెట్‌వర్కు, చివరకు కాగితం. ఈ మజిలీలలో ఎక్కడ ఆటంకం కలిగినా బయటికి కనిపించే ఫలితం ఒక్కటే: కాగితం రాదు.

దోషాన్ని పట్టుకోవడానికి మొదటి సాధనం ఒక నోటు పుస్తకం. ముద్రణ ఆగిన ప్రతిసారీ తేదీ, వేళ, పంపినవారు, పత్రం పేరు వ్రాయాలి. కొద్ది రోజులలోనే ఒక క్రమం బయటపడుతుంది. ఒకే పత్రం వద్ద వరుస ఆగుతుంటే ఆ ఫైలు చెడిపోయిందని అనుమానించాలి. స్పూలరును ఆపి, ఆ ఫైలును తొలగించి, తిరిగి నడపాలి. ఒక నమూనా ప్రింటరుకు పంపినప్పుడల్లా స్పూలరే కూలిపోతే తప్పు డ్రైవరుది కావచ్చు. 2009లో వచ్చిన విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుండి అటువంటి డ్రైవరును మిగిలినవాటికి దూరంగా, విడిగా నడిపే వీలుంది. కరెంటు పోయి వచ్చిన తరువాత ప్రింటరు కనబడకపోతే దాని నెట్‌వర్కు చిరునామా మారి ఉంటుంది. స్థిరమైన చిరునామా ఇవ్వాలి. అందరికీ ఒకేసారి ఆగితే డిస్కు నిండిందేమో చూడాలి. ఆంగ్లం చక్కగా వచ్చి తెలుగు అక్షరాలకు బదులు గళ్ళు వస్తే ఫాంటును పొదిగిన పీడీఎఫ్‌ను పంపి చూడాలి.

ఉదయం పూట మాత్రమే కాగితం ఇరుక్కుంటే సర్వరును నిందించి ప్రయోజనం లేదు. ఇపో గాలిలో తేమ ఎక్కువ. రాత్రి ఏసీ ఆపిన గదిలో, కాగితంలోని సెల్యులోజు ఆ తేమను పీల్చుకుంటుంది. తడిసిన కాగితం మీద విద్యుదావేశం నిలవదు. అందువల్ల టోనరు పొడి సరిగా అంటక ముద్ర వెలవెలబోతుంది. పొడిని కరిగించి అతికించే వేడి రోలర్ల మధ్యకు వెళ్ళగానే తేమ ఆవిరై కాగితం వంకర తిరుగుతుంది, ఇరుక్కుంటుంది. కాగితపు కట్టను వాడే వరకు విప్పకపోవడం, రాత్రి ట్రేలో కాగితం ఉంచకపోవడం దీనికి మందు.

ఇక మైక్రోసాఫ్టు నెలనెలా విడుదల చేసే భద్రతా సవరణల సంగతి. అమెరికాలో రెండవ మంగళవారం ఉదయం అవి వెలువడే వేళకు మలేషియాలో బుధవారం తెల్లవారుజాము అవుతుంది. ఆ వారంలోనే ముద్రణ ఆగితే కారణం అక్కడ వెతకాలి. 2021లో స్పూలరులో ‘ప్రింట్‌నైట్‌మేర్’ అనే లోపం బయటపడింది. దాని ద్వారా పరాయివాడు సర్వరుపై సర్వాధికారం పొందగలడు. జూలైలో మొదలైన సవరణలు ఈ ద్వారాన్ని మూస్తూ వచ్చాయి. స్పూలరులోని మరొక లోపాన్ని కట్టడి చేస్తూ సెప్టెంబరులో వచ్చిన సవరణతో అనేక కార్యాలయాలలో 11బి అనే దోషసంఖ్య కనిపించి ముద్రణ నిలిచిపోయింది. కొందరు ఆ రక్షణనే తీసివేశారు. కాగితాలు వచ్చాయి, ద్వారం తెరుచుకుంది. అదే సర్వరులో ఉద్యోగుల వేతన వివరాలూ, ఖాతాలూ ఉంటాయని మరువరాదు. సర్వరునూ, దానితో ముడిపడిన కంప్యూటర్లన్నిటినీ తాజా సవరణలతో సమం చేయడమే సరైన మార్గం.

ముద్రణ తిరిగి మొదలైనంత మాత్రాన దోషం తొలగినట్లు కాదు. ఎందుకు ఆగిందో నోటు పుస్తకంలో ఒక్క వాక్యంలో వ్రాయగలిగిన నాడే ఆ పని పూర్తయినట్లు.