ప్రయాణంలో స్తోత్రశ్రవణం: కారు స్టీరియోలో ఈక్వలైజర్ అమరిక

సొంత వాహనాలలో క్షేత్రదర్శనానికి బయలుదేరే భక్తులలో అనేకులు సుప్రభాతంతోనే ప్రయాణం ఆరంభిస్తారు. అయితే చాలా కార్లలో నాదం వినబడుతుందే గాని అక్షరం తెలియదు. మా ఇంటి పిల్లలు స్తోత్రాలను పుస్తకం చూసి కాక, కారులో విని నేర్చుకున్నారు. అలా నేర్చే పసివారికి శకార సకారాల భేదం చెవికి అందకపోతే, తప్పుగా విన్నదే కంఠస్థమవుతుంది. ఈ లోపం చాలాసార్లు స్పీకర్లది కాదు, ఈక్వలైజర్ అమరికది. దానిని సరిచేయుటకు పైసా ఖర్చు లేదు.

మానవుని చెవి సుమారు 20 హెర్ట్జ్ నుండి 20,000 హెర్ట్జ్ వరకు గల ధ్వనులను గ్రహిస్తుంది. ఈ విస్తారాన్ని భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగాన్ని హెచ్చించుటకో తగ్గించుటకో వీలు కల్పించేదే ఈక్వలైజర్. మృదంగం ఎడమవైపు పలికే గంభీరనాదం అడుగు భాగంలో ఉంటుంది. గాత్రం ప్రధానంగా మధ్య భాగానిది. పదాలకు స్పష్టతనిచ్చే హల్లుల ధ్వనులలో ముఖ్యమైనవి 2,000 నుండి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. శ, ష, స లలోని ఊపిరి శబ్దం అంతకు పైకి కూడా వ్యాపిస్తుంది.

కారు లోపలి చోటు ఇరుకు. అందువల్ల అడుగు ధ్వనులు సహజంగానే అక్కడ ఉబ్బుతాయి. దానిపై బాస్ బూస్ట్ కూడా పెడితే గాత్రం మునిగిపోక ఏమవుతుంది? సినిమా పాటల హోరుకు అది నప్పవచ్చును గాని, శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం వంటి గాత్రప్రధానమైన రికార్డుకు నప్పదని నా అభిప్రాయం.

వాహనం నిలిపి, మొదట అన్ని మీటలను సున్నా వద్ద ఉంచండి. రాక్, పాప్ అనే సిద్ధ అమరికలను, లౌడ్‌నెస్‌ను ఆపివేయండి. మీకు కంఠతా వచ్చిన ఒక స్తోత్రాన్ని రోజూ వినే ధ్వనిస్థాయిలో పెట్టి, 100 నుండి 250 హెర్ట్జ్ ప్రాంతాన్ని రెండు మూడు డెసిబెల్లు తగ్గించి చూడండి. చాలా కార్లలో ఇంతటితోనే గాత్రం ముందుకు వస్తుంది. ఇంకను పదం మసకగా ఉంటే, 2,000 నుండి 4,000 మధ్య ఒకటి రెండు డెసిబెల్లు హెచ్చించవచ్చు. సకారం బుసకొట్టినట్లు వినిపిస్తే 6,000 పైన కొంచెం తగ్గించాలి. బాస్, మిడ్, ట్రెబుల్ అని మూడే ఉన్న స్టీరియోలలో బాస్ తగ్గించుటయే తొలి పని.

హెచ్చించుట కంటే తగ్గించుట మేలనుటకు కారణం ఉన్నది. ఏ భాగాన్నైనా 3 డెసిబెల్లు పెంచితే అక్కడ ఆంప్లిఫయర్ రెట్టింపు శక్తిని వెచ్చించాలి. అది చాలనప్పుడు ధ్వని చీలుతుంది. పాత రికార్డులలో ట్రెబుల్ పెంచినా కొత్త స్పష్టత రాదు; గీతల చప్పుడే పెరుగుతుంది.

కదిలే బండిలో చక్రాల రొద అడుగు ధ్వనులను కొంత కప్పివేస్తుంది కనుక, దారిలో మరొకసారి సరిచూడాలి. ఆ పని పక్క సీటులోని వారిదే గాని నడిపేవారిది కాదు. ఘాట్ రోడ్డుపై మలుపు అవతలి హారన్ వినబడేంతగా ధ్వని తగ్గించి ఉంచండి.

కొన్ని కార్లలో బ్యాటరీ తీసినప్పుడు ఈ అమరిక చెరిగిపోతుంది. అంకెలను ఒక చీటీపై వ్రాసి, బండి కాగితాలతో పాటు ఉంచుకొనగలరు.